సీజన్ టికెట్టు (ఫుట్‌బాల్)

సీజన్ టికెట్టు అనగా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఒక సీజనులో తన సొంత మైదానంలో ఆడే లీగు ఆటలన్నిటినీ చూడడానికి ముందుగానే సొమ్ము చెల్లించి పొందే ప్రవేశ పత్రం. సాధారణంగా ఏడాది పొడవునా ఒకే ఆసనం కేటాయించబడుతుంది. ఇంగ్లండులోని ప్రీమియర్ లీగులో 20 జట్లు ఉండగా, ఒక్కొక్క జట్టు 38 ఆటలు ఆడుతుంది. వీటిలో 19 ఆటలు సొంత మైదానంలో జరుగుతాయి కనుక అక్కడ సీజన్ టికెట్టు అంటే ముఖ్యంగా ఆ 19 ఆటలకు ప్రవేశం అని అర్థం. కప్పు పోటీలకు చాలా క్లబ్బులు విడిగా సొమ్ము తీసుకుంటాయి.

తెలుగువారికి సీజన్ టికెట్టు అనగానే గుర్తుకు వచ్చేది రైల్వేవారి నెలసరి, మూడు నెలల టికెట్టు. రెండింటికీ పేరు ఒకటే అయినా స్వభావం వేరు. రైలు టికెట్టు కొనేవాడు ఉద్యోగానికి పోవలసి ఉండి కొంటాడు. ఒక నెల మానివేసి మరుసటి నెల మళ్ళీ కొనుక్కోవచ్చు. ఫుట్‌బాల్ టికెట్టు కొనకపోతే ఏ పనీ ఆగదు. కానీ గిరాకీ ఉన్న క్లబ్బులో ఒకసారి వదులుకుంటే ఆ ఆసనం వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి పోతుంది, మళ్ళీ దొరకడానికి ఏళ్ళు పట్టవచ్చు. అందువల్ల ప్రతి వేసవిలోను, రెండు సీజన్ల నడుమ, టికెట్టును పునరుద్ధరించుకోవాలా వద్దా అన్న నిర్ణయం అనేక కుటుంబాలలో చర్చకు వస్తుంది.

ఈ వ్యాసం ముఖ్యంగా ఇంగ్లండులో అభిమానులు ఈ టికెట్టును ఎందుకు కొంటారు, ఎందుకు వదులుకుంటారు అన్న విషయాన్ని వివరిస్తుంది.

చరిత్ర

ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగు 1888లో ప్రారంభమైంది. సీజన్ టికెట్టు కూడా ఆ కాలం నుండి ఉన్నదే. అయితే దాదాపు నూరేళ్ళపాటు అది కొద్దిమంది వ్యవహారంగానే ఉండిపోయింది. శ్రామిక ప్రజలలో అధిక సంఖ్యాకులు శనివారం మధ్యాహ్నం పని ముగించుకొని వచ్చి, గేటు వద్ద చిల్లర చెల్లించి, కాంక్రీటు మెట్ల మీద నిలబడి ఆట చూసేవారు. ఈ నిలుచునే మెట్లను టెర్రస్ అంటారు. అక్కడ ఎవరి చోటు ఎవరికీ రాసి ఉండదు. అయినా ఒక్కొక్క బృందం ప్రతి వారం ఒకే స్తంభం దగ్గరనో, ఒకే కటకటాల దగ్గరనో చేరేది. చోటుతో అనుబంధం టికెట్టు కంటే ముందే పుట్టిందన్నమాట.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరంలోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగి లివర్‌పూల్ అభిమానులు 97 మంది మరణించారు. వీరిలో చివరి వ్యక్తి ఆనాటి గాయాల ఫలితంగానే 2021లో కన్నుమూశాడు. ఈ దుర్ఘటనపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్, 1990 జనవరిలో సమర్పించిన తుది నివేదికలో, పెద్ద మైదానాలలో నిలుచునే మెట్లు తీసివేసి అందరికీ ఆసనాలు ఏర్పాటు చేయాలని సిఫారసు చేశాడు. పై రెండు శ్రేణుల క్లబ్బులకు 1994 ఆగస్టు గడువుగా నిర్ణయించబడింది. లివర్‌పూల్ క్లబ్బువారి ప్రసిద్ధమైన కాప్ టెర్రస్ మీద అభిమానులు చివరిసారిగా నిలబడి ఆట చూసినది 1994 ఏప్రిల్ 30న.

ఈ మార్పు సీజన్ టికెట్టుకు కొత్త ప్రాముఖ్యాన్ని తెచ్చింది. ఆసనాల వల్ల మైదానంలో పట్టే జనసంఖ్య తగ్గింది. 1992లో ప్రీమియర్ లీగు ఏర్పడి టెలివిజన్ ద్వారా ఆటకు ఆదరణ పెరిగింది. చోటు తక్కువ, కోరేవారు ఎక్కువ కావడంతో ఆట రోజున గేటు దగ్గర టికెట్టు కొనే అలవాటు పెద్ద క్లబ్బులలో దాదాపు అంతరించింది. ఆసనాల పేరు చెప్పి ధరలు పెంచరాదన్నది టేలర్ ఉద్దేశం. స్కాట్లండులోని ఐబ్రాక్స్ మైదానంలో ఆసనం ధర 6 పౌండ్లే ఉన్నదని ఆయన తన నివేదికలో ఉదాహరణగా చూపాడు. ఆచరణలో ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ. కొత్త స్టాండ్ల నిర్మాణం కోసం 1990 దశకం ఆరంభంలో ఆర్సెనల్, వెస్ట్‌హామ్ క్లబ్బులు మరొక పద్ధతిని ప్రవేశపెట్టాయి. సీజన్ టికెట్టు కొనే హక్కు కొరకే ముందుగా బాండు కొనాలన్నది దాని సారాంశం. టికెట్టు సొమ్ము ఆపైన మళ్ళీ వేరు. వెస్ట్‌హామ్ అభిమానులు దీనిపై తీవ్రంగా నిరసన తెలిపారు.

కొనడానికి కారణాలు

లెక్క ప్రకారం చూస్తే సీజన్ టికెట్టు కొనడంలో లాభం రెండు విధాలు. విడివిడిగా కొనే టికెట్ల కంటే ఆటకు పడే ధర సాధారణంగా తక్కువ. ముఖ్యమైన ఆటలకు టికెట్టు దొరుకుతుందో లేదోనన్న ఆందోళన ఉండదు. కప్పు ఫైనలు వంటి ఆటలకు, పరాయి మైదానాలలో జరిగే ఆటలకు టికెట్లు పంచేటప్పుడు కూడా సీజన్ టికెట్టుదారులకే అనేక క్లబ్బులు ప్రాధాన్యం ఇస్తాయి.

అయితే ఈ లెక్క నిజంగా సరిపోయేది అన్ని ఆటలకూ వెళ్ళగలిగినవారికే. ఏడాదికి పది ఆటలు మాత్రమే చూసేవాడికి విడి టికెట్లే చవక కావచ్చు. అటువంటివారిలోనూ ఏటా టికెట్టు తీసుకునేవారు ఎందరో కలరు. కనుక కారణాలను లెక్కకు వెలుపల కూడా వెదకవలసి ఉన్నది.

వాటిలో మొదటిది ఇరుగుపొరుగు. ఒకే ఆసనంలో ఏళ్ళ తరబడి కూర్చునేవారికి ముందు వరుసవారు, వెనుక వరుసవారు పరిచితులవుతారు. వారి ఇంటిపేర్లు తెలియకపోవచ్చు, వృత్తి తెలియకపోవచ్చు. అయినా ఒకరి బిడ్డ పెరగడాన్ని మరొకరు చూస్తారు. రెండు ఆటలకు వరుసగా రాకపోతే ఆరోగ్యం ఎట్లున్నదని అడుగుతారు. మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర ప్రతి సాయంత్రం ఒకే చోట కూర్చునే పెద్దల వంటిదే ఇది. ఉద్యోగ విరమణ చేసినవారికి, ఒంటరిగా నివసించేవారికి ఈ పరిచయాల విలువ ఎంతో అధికం. ఆట ఎట్లా ఉన్నా పదిహేను రోజులకొకసారి పోవలసిన చోటు ఒకటి ఉండడమే వారికి ప్రధానం.

రెండవది వంశపారంపర్యం. తండ్రి లేదా తాత చేయి పట్టుకొని మైదానానికి వచ్చిన పిల్లవాడు పెద్దవాడై తన పిల్లలను అదే స్టాండుకు తీసుకొని రావడం ఇంగ్లండులో సామాన్యం. టికెట్టుదారు మరణించిన తరువాత ఆ ఆసనాన్ని కుటుంబ సభ్యుల పేరుకు మార్చే విషయంలో క్లబ్బుల నియమాలు ఒక్క తీరుగా లేవు. టికెట్టును పునరుద్ధరించుకోవడమంటే తండ్రి కూర్చున్న కుర్చీని నిలబెట్టుకోవడంగా భావించేవారు తక్కువేమీ కారు.

మూడవ కారణం భయం. ఈ ఏడాది వదిలితే, వచ్చే ఏడాది జట్టు బాగుపడినప్పుడు చోటు దొరకదేమోనన్న శంక చాలామంది చేత సొమ్ము కట్టిస్తుంది. క్లబ్బులు వెయిటింగ్ లిస్టు పొడవును గొప్పగా ప్రకటించుకోవడం వెనుక ఈ ఎరుక ఉన్నదనుకోవచ్చు.

జట్టు గెలుపు ఓటములు కొనుగోలును ప్రభావితం చేసే మాట నిజమే కానీ, అనుకున్నంతగా కాదు. మాంచెస్టర్ సిటీ క్లబ్బు 1998-99లో మూడవ శ్రేణికి దిగజారినప్పుడు కూడా దాని ఆటలకు సగటున 28 వేల మంది హాజరయ్యారు. సండర్‌లాండ్ క్లబ్బు 2017, 2018లలో వరుసగా రెండుమార్లు కింది శ్రేణికి జారి మూడవ శ్రేణిలో పడింది. ఆ మరుసటి సీజనులో దాని సగటు హాజరు 30 వేలు దాటింది. 2018 డిసెంబరు 26న బ్రాడ్‌ఫర్డుతో ఆటకు 46,039 మంది వచ్చారు. ఎండకు వెలిసి గులాబి రంగుకు మారిన అక్కడి ఎర్ర కుర్చీలను 2018 వేసవిలో మార్చవలసి వచ్చినప్పుడు అభిమానులే స్వచ్ఛందంగా వచ్చి చేయి వేశారు. నౌకా నిర్మాణము, బొగ్గు గనులు మూతపడిన ఆ నగరంలో జనం నలభై వేలుగా ఒకచోట చేరే సందర్భం మరొకటి లేదన్నది గమనించదగినది. సండర్‌లాండ్ 2025లో తిరిగి ప్రీమియర్ లీగు చేరింది.

ఇంత మాత్రాన అభిమాని జీవితాంతం కదలడని భావించరాదు. రచయిత నిక్ హార్న్‌బీ తన ఆర్సెనల్ అభిమానాన్ని గురించి 1992లో రాసిన 'ఫీవర్ పిచ్' గ్రంథం తరువాత, ఎన్ని కష్టాలు వచ్చినా జట్టును విడువని అభిమాని చిత్రం బాగా ప్రచారంలోకి వచ్చింది. సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీ 2009లో ప్రచురించిన 'సాకర్‌నామిక్స్' ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించింది. మైదానానికి వచ్చే జనంలో ఏటా చాలామంది మారిపోతూనే ఉంటారని, మొత్తం సంఖ్య స్థిరంగా కనిపించినా లోపలి మనుషులు మాత్రం అదే మనుషులు కారని వారి వాదన. ఏరులో నీటిమట్టం మారకపోయినా నీరు మారినట్లు అన్నమాట.

చెల్లించిన సొమ్ము ప్రభావం

ముందుగా చెల్లించిన సొమ్ము మనిషి ప్రవర్తనను ఎట్లా మారుస్తుందన్న విషయమై ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉన్నది. ఇది ఫుట్‌బాల్‌కు కాక నాటకాలకు సంబంధించినదైనా ఇక్కడ వర్తిస్తుంది. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయం నాటకశాలలో సీజన్ టికెట్టు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి రెండు రకాల తగ్గింపు ధరలకు, ఎవరికి ఏది వస్తుందో ముందు తెలియకుండా టికెట్లు అమ్మారు. పూర్తి ధర చెల్లించినవారు సీజను మొదటి సగంలో మిగిలినవారి కంటే ఎక్కువ నాటకాలు చూశారు. రెండవ సగంలో ఆ తేడా కనిపించలేదు. హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ ఈ ఫలితాలను 1985లో ప్రచురించారు. సొమ్ము పెట్టాము కనుక వెళ్ళి తీరాలన్న భావం కొన్ని నెలలు మనిషిని నడిపిస్తుంది, ఆపైన పలుచబడుతుంది.

ఫుట్‌బాల్ అభిమానికి ఇది అనుభవంలోని విషయమే. ఆగస్టులో ఉత్సాహంగా బయలుదేరినవాడే ఫిబ్రవరి చలిలో, వానలో, ఓడిపోయే జట్టును చూడడానికి సొమ్ము కట్టాను గదా అనుకుంటూ వెళతాడు. సొమ్ము ఎప్పుడో పోయింది. వెళ్ళినా మానినా తిరిగి రాదు. వాయిదాల మీద చెల్లించేవారికి మాత్రం నెల నెలా గుర్తుకు వస్తూనే ఉంటుంది. పునరుద్ధరణ గడువు సీజను చివరి వారాలలో గానీ వేసవి మొదట్లో గానీ వస్తుంది. అప్పటి మనఃస్థితి మీద నిర్ణయం కొంతవరకు ఆధారపడి ఉంటుంది.

వదులుకోవడానికి కారణాలు

వదులుకునేవారిలో అధికులు ఏ ప్రకటనా చేయక, గడువు దాటనిచ్చి ఊరుకుంటారు. వివాహము, పసిబిడ్డ, వేరే ఊరికి బదిలీ, మోకాళ్ళ నొప్పులు, తోడు వచ్చే మిత్రుని మరణము మొదలైనవి ఇటువంటి సందర్భాలు. తోడు లేకపోవడం అన్నింటికంటే బలమైన కారణమని తోస్తుంది. పక్క కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చున్న వ్యక్తి స్థానంలో అపరిచితుడు వచ్చి కూర్చున్ననాడు ఆట అదే అయినా వచ్చిన పని వేరయిపోతుంది.

ఆట వేళలు మారడం మరొక కారణం. ఇంగ్లండులో ఆటకు సంప్రదాయమైన వేళ శనివారం మధ్యాహ్నం 3 గంటలు. టెలివిజన్ సంస్థల అవసరం కొద్దీ పెద్ద జట్ల ఆటలు శుక్రవారం రాత్రికి, ఆదివారానికి, సోమవారం రాత్రికి మారుతున్నాయి. సీజన్ టికెట్టు కొనేనాటికి ఏ ఆట ఏ రోజున, ఏ గంటకు జరుగుతుందో కొన్నవానికి తెలియదు. కొద్ది వారాల ముందు మాత్రమే ఖరారవుతుంది. దూరం నుండి రైలులో వచ్చేవారికి, వంతులవారీ పని చేసేవారికి దీనివల్ల కలిగే ఇబ్బంది చిన్నది కాదు. రాత్రి ఆట ముగిసేసరికి ఇంటికి చివరి రైలు వెళ్ళిపోయి ఉంటుంది.

ధర గురించి ఎక్కువ వివాదం జరుగుతుంది. అయితే ధర ఎంత అన్నదానికంటే, దానిని పెంచిన తీరు క్లబ్బు తమను ఎట్లా చూస్తున్నదో తెలుపుతుందని అభిమానులు భావిస్తారు. 2016లో లివర్‌పూల్ క్లబ్బు కొత్తగా కడుతున్న ప్రధాన స్టాండులో కొన్ని ఆసనాలకు ఆటకు 77 పౌండ్ల ధరను, వేయి పౌండ్లు దాటిన సీజన్ టికెట్టును ప్రకటించింది. ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో ఆట జరుగుతుండగా సరిగ్గా 77వ నిమిషంలో సుమారు 10 వేల మంది లేచి బయటకు నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉన్నది. ఆట ముగిసేసరికి 2-2 అయింది. కొద్ది రోజులకే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరలను ఉపసంహరించుకున్నారు. అదే సంవత్సరం ప్రీమియర్ లీగు క్లబ్బులన్నీ కలిసి పరాయి మైదానానికి వచ్చే అభిమానుల టికెట్టుకు 30 పౌండ్ల గరిష్ఠ పరిమితి విధించాయి.

వృద్ధుల రాయితీ మీద 2024లో మరొక వివాదం తలెత్తింది. టాటెన్‌హామ్ క్లబ్బు సీజన్ టికెట్టు ధరలను 6 శాతం పెంచుతూ, వయోవృద్ధులకు ఇచ్చే రాయితీని క్రమంగా తగ్గిస్తామని ప్రకటించగా అభిమానులు మైదానంలో నిరసనలు జరిపారు. క్లబ్బు వాదనలో లెక్క లేకపోలేదు. వయసు మళ్ళినవారి సంఖ్య పెరిగిన కొద్దీ రాయితీ టికెట్లు పెరుగుతాయి, పూర్తి ధర చెల్లించేవారు తగ్గుతారు. కానీ ఆ వృద్ధులే జట్టు అంతంతమాత్రంగా ఉన్న సంవత్సరాలలో కూడా వచ్చి కుర్చీలు నింపినవారు. పింఛను మీద బ్రతికేవానికి ధర పెరిగితే ఆ కుర్చీ మాత్రమే కాక ఇరుగుపొరుగు కూడా పోతుంది. ఈ నష్టం క్లబ్బు ఖాతా పుస్తకాలలో కనిపించేది కాదు.

ధర తక్కువైనంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనీ చెప్పలేము. వెస్ట్‌హామ్ క్లబ్బు 2016లో, తాను 1904 నుండి ఆడుతున్న అప్టన్ పార్కు మైదానాన్ని వదిలి, 2012 ఒలింపిక్ క్రీడల కోసం కట్టిన లండన్ స్టేడియంకు మారింది. కొత్తచోట పెద్దల సీజన్ టికెట్టు 289 పౌండ్ల నుండే దొరికింది, అమ్మకాలు బాగా జరిగాయి. అయినా పాత అభిమానులలో అసంతృప్తి ఏళ్ళ తరబడి కొనసాగింది. పరుగు పందేల కోసం వేసిన మైదానం కనుక కుర్చీలకు, ఆటకు మధ్య దూరం ఎక్కువ. పాత మైదానం చుట్టూ వారు ఆటకు ముందు కలుసుకునే మద్యశాలలు, తినుబండారాల దుకాణాలు కొత్త చోట లేవు. ఒకే వరుసలో కూర్చునే బృందాలు కూడా కొన్ని చెదిరిపోయాయి.

2020 మార్చిలో కరోనా వ్యాధి వల్ల ఆటలు ఆగిపోయి, జూన్ 17న ప్రీమియర్ లీగు ప్రేక్షకులు లేకుండా తిరిగి మొదలయింది. 2020-21 సీజను కూడా దాదాపు మొత్తం ఖాళీ కుర్చీల ముందే జరిగింది. అంతవరకు వారాంతాన్ని ఆట చుట్టూ అల్లుకున్న కొందరికి ఈ విరామం ఆట లేని శనివారాన్ని పరిచయం చేసింది. ఆటలు మళ్ళీ తెరిచినప్పుడు వెంటనే వచ్చినవారు ఎక్కువే, కానీ మానివేసినవారూ ఉన్నారు. అలవాటు తెగడానికి కోపం అవసరం లేదు, విరామం చాలును.

నిరసనగా వదులుకోవడం

ప్రకటించి, సామూహికంగా టికెట్టు వదులుకోవడం ఒక ప్రత్యేక విషయం. సామాన్య వ్యాపారంలో వస్తువు నచ్చని కొనుగోలుదారు వేరే దుకాణానికి పోతాడు. ఫుట్‌బాల్ అభిమాని పక్క ఊరి జట్టుకు మారడు. కాబట్టి అతని చేతిలో ఉన్న ఒకే ఒక బలం రాకుండా ఉండడం. దానిని ప్రయోగించినప్పుడు యజమాని కంటే ముందు బాధపడేది అతడే.

2002 మే నెలలో వింబుల్డన్ క్లబ్బును దూరాన ఉన్న మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి అనుమతి లభించినప్పుడు, అభిమానులు ఆ క్లబ్బును వదిలి కొన్ని వారాలలోనే ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బును స్థాపించారు. అట్టడుగు శ్రేణుల నుండి మొదలై అది 2011లో ఫుట్‌బాల్ లీగులోకి చేరింది. 2020 నవంబరులో ప్లౌ లేన్‌లో కట్టుకున్న కొత్త మైదానానికి తిరిగి వచ్చింది. 2005లో గ్లేజర్ కుటుంబం అప్పు తెచ్చి మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నప్పుడు కొందరు సీజన్ టికెట్లు మాని ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్‌ను నెలకొల్పారు. ఇందులో సభ్యునికి ఒక్కొక్క ఓటు. అయితే వీరు వదిలిన కుర్చీలు పెద్ద క్లబ్బులో ఖాళీగా ఉండలేదు, వేరొకరు కూర్చున్నారు. గిరాకీ ఎక్కువగా ఉన్న చోట ఈ ఆయుధానికి పదును తక్కువ.

కవెంట్రీ సిటీ క్లబ్బు తన మైదానం అద్దె వివాదం వల్ల 2013-14లో నార్తాంప్టన్‌లో సొంత ఆటలు ఆడినప్పుడు చాలామంది అభిమానులు టికెట్టు కొనలేదు. కొందరు అక్కడిదాకా ప్రయాణం చేసి కూడా లోపలికి వెళ్ళక, మైదానం వెలుపలి గుట్ట మీద నిలబడి కనిపించినంత మేరకు ఆట చూశారు.

వీటన్నింటిలో సుదీర్ఘమైనది బ్లాక్‌పూల్ ఉదంతం. సముద్రతీరాన ఉన్న ఈ చిన్న పట్టణపు జట్టు 2010-11లో ప్రీమియర్ లీగులో ఒక సీజను ఆడింది. దానివల్ల వచ్చిన ధనం జట్టు మీద ఖర్చు కాలేదని, యజమానులైన ఓయ్‌స్టన్ కుటుంబపు ఇతర సంస్థలకు పోతున్నదని అభిమానులు ఆరోపించారు. జట్టు 2015లో మూడవ శ్రేణికి, 2016లో నాలుగవ శ్రేణికి జారింది. విమర్శించిన అభిమానులలో కొందరిపై పరువు నష్టం దావాలు కూడా పడ్డాయి. ఇకపై ఒక్క పెన్నీ కూడా ఇవ్వబోమన్న నినాదంతో వేలమంది సీజన్ టికెట్లు మాని, మైదానం లోపలికి అడుగు పెట్టడం మానివేశారు. 2017 మేలో జట్టు వెంబ్లీలో ఆడి పై శ్రేణికి ఎదిగినప్పుడు కూడా అనేకులు వెళ్ళలేదు. జట్టు గెలుపును కళ్ళారా చూసే అవకాశాన్ని, ఆ జట్టు కోసమే వదులుకున్నారు. తండ్రీకొడుకులలో ఒకరు వెళ్ళి ఒకరు మానిన ఇళ్ళలో ఏర్పడే వైమనస్యం ఊహించదగినదే.

2017 నవంబరులో ఉన్నత న్యాయస్థానం, మైనారిటీ వాటాదారు వేసిన దావాలో, యజమానులు క్లబ్బు నుండి ధనాన్ని అనుచితంగా తరలించారని నిర్ధారించి, 3.1 కోట్ల పౌండ్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. 2019 ఫిబ్రవరిలో న్యాయస్థానం రిసీవరును నియమించింది. మార్చి 9న సౌథెండ్‌తో జరిగిన ఆటకు అభిమానులు తిరిగి వచ్చారు. ఆనాటి హాజరు 15,871. ఆట 2-2తో సమంగా ముగిసింది. దాదాపు నాలుగేళ్ళు దూరంగా ఉన్నవారు తిరిగి రాగలరా అన్న సందేహానికి ఆ రోజు సమాధానం దొరికినప్పటికీ, ఈ నడుమ మరణించిన వృద్ధ అభిమానులకు, ఆట చూసే వయసు దాటిపోయిన పిల్లలకు ఆ సంవత్సరాలు తిరిగి రాలేదు.

న్యూకాజిల్ ఉదాహరణ కూడా చెప్పుకోదగినది. నాటి యాజమాన్యం మీద అసంతృప్తితో అభిమానులు తగ్గిపోగా, ఆ క్లబ్బు 2019-20 సీజను మధ్యలో సుమారు 10 వేల అర్ధ సీజన్ టికెట్లను ఉచితంగా పంచవలసి వచ్చింది. 2021 అక్టోబరులో యాజమాన్యం చేతులు మారిన కొద్దికాలానికే అదే మైదానంలో టికెట్టు దొరకడం దుర్లభమైంది.

ముందు సొమ్ము, వెనుక ప్రమాదం

సీజన్ టికెట్టు అమ్మకం క్లబ్బుకు వేసవిలో, ఆటలు లేని కాలంలో, చేతికి వచ్చే నగదు. చిన్న క్లబ్బులు జీతాలకు దీనిమీదనే ఆధారపడతాయి. అభిమాని ఒక విధంగా తన క్లబ్బుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడు. 1885లో స్థాపించబడి, 1900లోను 1903లోను ఎఫ్.ఎ. కప్పు గెలిచిన బరీ క్లబ్బును, ఆర్థిక స్థోమత నిరూపించుకోలేకపోయినందున, 2019 ఆగస్టు 27న లీగు నుండి బహిష్కరించారు. ఆ సీజనుకు టికెట్లు కొన్నవారు ఒక్క ఆటైనా చూడలేదు.

పెద్ద క్లబ్బుల ఆలోచన ఇప్పుడు మారుతున్నది. ఏడాదికి ఒకసారి వచ్చే పర్యాటకుడు ఒక్క ఆటకు ఎక్కువ ధర చెల్లిస్తాడు, క్లబ్బు దుకాణంలో వస్తువులూ కొంటాడు. ప్రతి వారం వచ్చేవాడు ఆటకు అయిదు నిమిషాల ముందు వచ్చి, ముగియగానే ఇంటికి పోతాడు. అందువల్ల సీజన్ టికెట్ల సంఖ్యను పరిమితం చేయడం, కొన్ని ఆటలకు రాకపోతే పునరుద్ధరణ నిరాకరించడం వంటి నియమాలు వచ్చాయి. ఖాళీ కుర్చీ ఎవరికీ మంచిది కాదు కనుక రెండవ నియమంలో న్యాయం ఉన్నది. అయితే జబ్బుపడినవారి విషయంలో దానిని ఎట్లా అమలు చేస్తారన్నది క్లబ్బును బట్టి ఉంటుంది.

ఇతర దేశాలలో

జర్మనీలో క్లబ్బు సభ్యుల చేతిలోనే ఓటింగు ఆధిక్యం ఉండాలన్న '50+1' నియమం 1998 నుండి అమలులో ఉన్నది. నిలుచునే చోట్లు కూడా కొనసాగుతున్నందున టికెట్లు చవక. డార్ట్‌మండ్ మైదానంలోని దక్షిణ స్టాండులో సుమారు 25 వేల మంది నిలబడి ఆట చూస్తారు. ఆ క్లబ్బు సీజన్ టికెట్లు సుమారు 55 వేలు. అక్కడ వదులుకునేవారు అరుదు. ఇంగ్లండులో కూడా భద్రమైన కటకటాలతో నిలుచునే చోట్లను 2022 నుండి మళ్ళీ అనుమతిస్తున్నారు.

స్పెయిన్‌లో సభ్యుల సొత్తు అయిన బార్సిలోనా క్లబ్బు, తన మైదానం పునర్నిర్మాణం కారణంగా 2023లో మాంట్‌జుయిక్ కొండ మీది ఒలింపిక్ స్టేడియంకు తాత్కాలికంగా మారింది. 80 వేలకు పైగా ఉన్న సీజన్ టికెట్టుదారులలో అక్కడికి టికెట్టు తీసుకున్నవారు కొద్ది భాగమే. జట్టు అదే, ఆటగాళ్ళు వారే. కొండ ఎక్కి పోవలసిన దారి మాత్రం వేరు.

భారతదేశంలో

భారతదేశంలో 2014లో ఇండియన్ సూపర్ లీగు ప్రారంభమైన తరువాత సీజన్ టికెట్టు పద్ధతి కొన్ని క్లబ్బులలో పరిచయమైంది. ఒకప్పుడు ఎస్.ఎ. రహీం శిక్షణలో దేశానికి ఎందరో ఆటగాళ్ళను అందించిన హైదరాబాదుకు ఈ లీగులో 2019లో స్థానం లభించింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం సొంత మైదానంగా హైదరాబాద్ ఎఫ్.సి. ఒక సీజను ఆడిన వెంటనే కరోనా వచ్చి, తరువాతి రెండు సీజన్లు గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి జట్టు విజేతగా నిలిచింది కూడా గోవాలోనే. ఆ విజయ సంవత్సరంలో హైదరాబాదు అభిమానులకు తమ ఊళ్ళో చూడడానికి ఒక్క ఆట కూడా లేదు. 2022-23లో గచ్చిబౌలికి ఆటలు తిరిగి వచ్చినా, మరుసటి ఏడాది ఆర్థిక సమస్యల వల్ల అనేకమంది ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది.